గుట్ట దిక్కు

మా ఇంటి ప్లానులో ఒక కన్ను ఉంది. ఇంటిని నిలువునా కోసినట్టు చూపించే బొమ్మని మేం సెక్షన్ అంటాం. పునాది ఎంత లోతు, గోడ ఎంత మందం, స్లాబు ఎంత ఎత్తు, అన్నీ అందులో అంకెలతో సహా ఉంటాయి. మా ఇంటి సెక్షన్‌లో వాటితో పాటు ఒక మంచం గీశాను. మంచం మీద దిండు, దిండుకి కాస్త పైన బాదంగింజంత కన్ను. ఆ కంటి దగ్గర బయల్దేరిన రెండు చుక్కల గీతలు కిటికీ దాటి, ఖాళీ జాగా దాటి, ఒకటి గుట్ట మొదలుని, ఇంకోటి గుట్ట కొసని తాకుతాయి. ఆ కన్ను మా ఆయనది. నేలకి ఇరవై మూడు అంగుళాల ఎత్తున ఉంటుంది. అందాజాగా వేసింది కాదు, టేపు పెట్టి కొలిచి గీసింది.

నేను ఇరవై ఏళ్ళ పైబడి ఇళ్ళు గీస్తున్నాను. చైతన్యపురి మెట్రో స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే మా ఆఫీసు. కింద కోచింగ్ సెంటరు, పైన ఆడపిల్లల హాస్టలు, మధ్యలో ఒక గదిలో నేను. ఎల్బీనగర్ నుంచి మీర్‌పేట్ దాకా నూట యాభై గజాల్లో, రెండు వందల గజాల్లో నేను గీసిన ఇళ్ళు చాలానే ఉన్నాయి. వచ్చినవాళ్ళు గాలి గురించి, వెలుతురు గురించి అడగరు. ముందు ఈశాన్యం అడుగుతారు. మెట్లు ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు. నేను వాళ్ళు కోరినట్టే మార్చి ఇచ్చి, ఊరుకోకుండా ఒక మాట అనేదాన్ని. "గోడలు జరుపుతానండీ, గ్రహాల్ని జరపడం మాత్రం నాకు రాదు" అని. నవ్వినవాళ్ళు నవ్వేవాళ్ళు, మొహం ముడుచుకున్నవాళ్ళు వేరే ఇంజినీరుని చూసుకునేవాళ్ళు. మా అమ్మ నా చిన్నప్పుడే అనేది, "నీ నోటికి ఆ దేవుడే దిక్కు" అని.

ఆ 'దిక్కు' అనే మాట మా కాపురంలో మొదటి రోజు నుంచీ ఉంది. మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగానికని వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డాం. ఆయనది మీర్‌పేట్ దాటాక, అప్పటికి ఊరే, ఇప్పుడు ఏ గల్లీ ఏ కాలనీదో తెలియని చోటు. చైతన్యపురిలోనే ఒక కాలేజీలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవారు. మా పెళ్ళికి రెండు వైపులా మొహాలు మాడ్చుకున్నారు, ఏడాది తిరిగేసరికి మామూలయ్యారు. పెళ్ళైన కొత్తలో ఒకసారి నేను డ్రాయింగు బోర్డు మీద వంగి పనిచేసుకుంటుంటే వెనకనుంచి, "జర నా దిక్కు సూడు" అన్నారు.

"అయ్యో, అప్పుడే అంత దిక్కులేనివారైపోయారా?" అన్నాను నేను.

ఆయనకి అర్థం కాలేదు. మా ఇంట్లో దిక్కంటే తూర్పో పడమరో కావాలి, లేకపోతే కష్టంలో ఆదుకునే మనిషి కావాలి. ఆయనకి 'వైపు' అనాల్సిన ప్రతిచోటా దిక్కే. మా దిక్కు, మీ దిక్కు, మార్కెట్ దిక్కు, ఆ దిక్కు పో, ఈ దిక్కు రా. విషయం తెలిశాక పడీ పడీ నవ్వారు. మర్నాడు క్లాసులో కూడా వాడేశారట. "వెక్టర్‌కి దిక్కుంటది, స్కేలార్ దిక్కులేనిది. మా ఇంటామె చెప్పింది, గుర్తుపెట్టుకోండ్రి" అని. ఆ పాఠం విన్న పిల్లలు ఇప్పటికీ ఎక్కడైనా కనపడితే నాకు అది చెబుతారు.

పద్దెనిమిదేళ్ళు గడ్డిఅన్నారం దగ్గర ఒక సందులో కిరాయికి ఉన్నాం. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పండ్ల మార్కెట్ అక్కడ ఉన్నన్నాళ్ళు బత్తాయి వాసనతో నిద్ర లేచేవాళ్ళం. అది వెళ్ళిపోయాక లారీల గోల పోయింది, వాసనా పోయింది. మా పడకగది కిటికీ మాత్రం మారలేదు. తెరిస్తే ఎదురుగా మగపిల్లల హాస్టలు గోడ. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. ఆ గోడకి కట్టిన తాడు మీద తువ్వాళ్ళు, నిక్కర్లు. ఆయన పొద్దున్నే కళ్ళు తెరిచి ఆ గోడని చూసి, "ఇన్ని ఇండ్లు గీస్తవ్, గీ గోడ మీద ఒక గుట్ట బొమ్మన్న గియ్యరాదు" అనేవారు.

గుట్ట ఆయన ఊరి వెనకది. పెద్దదేం కాదు. మా వైపు వాళ్ళు చూస్తే దాన్ని కొండ అనడానికి కూడా మొహమాటపడతారు. గుండ్ల మీద గుండ్లు, మధ్యలో సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు, నెత్తిన ఏనుగు గుండు అని వాళ్ళు పిలిచే ఒక పెద్ద బండ. ఎండాకాలం అన్నదమ్ములిద్దరూ వాకిట్లో నులక మంచాలు వేసుకుని పడుకుంటే, పొద్దున కళ్ళు తెరవగానే మొదట కనిపించేది ఆ ఏనుగు గుండట. లేవమని వాళ్ళమ్మ అరుస్తున్నా, ఎండ దాని కడుపు దాకా దిగేవరకూ లేచేవాడిని కాదని చెప్పేవారు. ఆ కథ నేను ఎన్నిసార్లు విన్నానో. "మీ గుట్టకేం, కదిలిపోతుందా, ఆదివారం వెళ్ళి చూసొద్దాం" అంటే, "పోయి సూసేది కాదు. పండుకొని సూసేది" అనేవారు.

అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు ఆయన ఊరి చివర ముక్క అడిగి మరీ తీసుకున్నారు. నూట ఎనభై గజాలు. సన్నంగా, పొడుగ్గా, ఎవరూ కోరుకోని జాగా. ఉత్తరాన రోడ్డు, దక్షిణాన రాళ్ళు రప్పలున్న బీడు, ఆ వెనకాల గుట్ట. కాగితం పెన్సిలు పెట్టుకుని, క్లయింటుని అడిగినట్టే అడిగాను.

"చెప్పండి సార్, ఇల్లు ఎలా ఉండాలి?"

"పండుకొని గుట్ట సూడాలె నేను. గంతే. మిగిలింది నీ ఇష్టం."

అంత చిన్న కోరికకి ఇల్లు గీయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నిలబడి చూసే మనిషికి కిటికీ పెట్టడం మాకు అలవాటు. చూపు అయిదడుగుల ఎత్తు, కిటికీ గోడ మూడడుగులు, కళ్ళు మూసుకుని గీస్తాం. పడుకున్న మనిషి చూపు ఎక్కడుంటుందో ఏ పుస్తకంలోనూ లేదు. అందుకని ఒక ఆదివారం బావగారింట్లోంచి, అంటే వాళ్ళ అన్నయ్యగారింట్లోంచి, నులక మంచం మోయించుకుని ఖాళీ జాగాలోకి తెచ్చాం. గది రావాల్సిన చోట మంచం వేయించాను. ఆయన దాని మీద వెల్లకిలా పడుకున్నారు. తలకింద ఇంటి నుంచి తెచ్చిన దిండు పెట్టాను. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన కనుపాప నుంచి నేలకి టేపు వేలాడదీశాను. ఇరవై మూడు.

మేస్త్రి నెత్తిమీది రుమాలు తీసి చేతిలో పట్టుకుని, "సార్, ఉత్తరం తల వెట్టి పండుకున్నరు" అన్నాడు.

"పండుకున్ననా? కొలతకిచ్చిన" అన్నారు ఆయన, మంచం మీంచే.

అందరం నవ్వాం. మా అమ్మాయి ఫోటో తీసింది. అందులో ఆయన రెండు చేతులూ తలకింద పెట్టుకుని, కాలు మీద కాలేసుకుని, కాళ్ళ వేళ్ళ సందులోంచి గుట్టని చూస్తున్నారు. నేను టేపు పట్టుకుని అదేదో రాచకార్యంలా సీరియస్‌గా ఉన్నాను.

గది తొమ్మిదడుగుల వెడల్పే వచ్చింది. జాగాయే సన్నం మరి. ఆ సన్నాన్నే పనికొచ్చేలా చేద్దామనుకున్నాను. దక్షిణపు గోడని గోడలా కాకుండా, ఈ మూల నుంచి ఆ మూలకి కిటికీగా తెరిచాను. కింద అడుగు ఎత్తున గోడ మాత్రం వదిలాను. గుట్ట మీంచి వాననీళ్ళొస్తాయి, పాములొస్తాయి, అడుగన్నా లేకపోతే తాను కట్టనని మేస్త్రి మొండికేశాడు. పక్కగోడకి బాత్రూం తలుపు. మంచం నిలువుగా, తల ఉత్తరానికి, కాళ్ళు గుట్టకి. గదిలోకి అడుగుపెడితే ఇంక వేరే ఏదీ కనపడదు, గుట్టే. ప్రింటు తీసి ఇస్తే ఆయన దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించారు. పాల ప్యాకెట్టు తీసినప్పుడల్లా ఆ కన్నుని వేలితో ఒకసారి తట్టేవారు.

బావగారు స్లాబు రోజున వచ్చి చూశారు. ఆయన తక్కువ మాటల మనిషి. మా పెళ్ళికి అందరికంటే ముందు ఒప్పుకున్నది ఆయనే, అందుకని ఆయనంటే నాకు గౌరవం. గది మధ్యలో నిలబడి, "అమ్మా, దక్షిణం గింత తెరుస్తరా ఎవలన్న? యముని దిక్కది. పైంగ ఉత్తరం తలాయె" అన్నారు.

నేను ఊరుకోవచ్చు. 'చూద్దాం బావగారూ' అనొచ్చు. "యముడు వచ్చేటప్పుడు కిటికీలు కొలుచుకుని వస్తాడా బావగారూ? మెయిన్ డోరు ఉంది కదా" అన్నాను. మా ఆయన ఫక్కున నవ్వారు. బావగారు నవ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆ కిటికీ వైపు ఒకసారి చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు. ఆ మాట అన్నందుకు ఇవాళ నా నాలుక తెగ్గోసుకోవాలనిపిస్తుంది. ఆ కిటికీ వల్లే జరిగిందని నేను నమ్మను. అయినా తెగ్గోసుకోవాలనిపిస్తుంది.

రంగులు వేస్తున్నారు. గృహప్రవేశానికి ముహూర్తం ఇంకా పెట్టలేదు, కార్తీకంలో అనుకుంటున్నాం. క్లాసులో పాఠం చెబుతుంటే మా ఆయన చేతిలోంచి చాక్‌పీసు జారింది. తీయడానికి వంగారు, లేవలేదు. పిల్లలే ఆటోలో ఎల్బీనగర్ దవాఖానకి తీసుకెళ్ళారు. నేను వెళ్ళేసరికి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. మెదడులో ఎడమవైపు నరం చిట్లిందన్నారు. రోజుకి ఆరు గంటలు మాట్లాడి, గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చి, అన్నం తింటూ కూడా మాట్లాడే మనిషి. నలభై రోజులు ఒక్క మాట లేకుండా పడుకున్నారు.

ఇంటికి తీసుకెళ్ళమన్నారు. కిరాయి ఇంటికి రెండంతస్తులు మెట్లు. స్ట్రెచరు మలుపు తిరగదు. ఆ మెట్ల మలుపు చూసినప్పుడల్లా, ఇది గీసినవాడెవడని నేను తిట్టుకుంటూనే ఉండేదాన్ని. ఇంక దారి లేదు, కొత్తింట్లో కింది గది సిద్ధంగా ఉంది. ముహూర్తం లేదు, పంతులు లేడు. మా అమ్మాయి కొత్త స్టవ్ మీద పాలు పొంగించింది, ఆ వెంటనే అంబులెన్సు లోపలికి వచ్చింది. రంగుల వాసన ఇంకా పోలేదు.

పేషెంటు మంచం అద్దెకు తెప్పించాం. ఇనప కమ్మీలు, పక్కన సెలైను కొక్కెం. మోసుకొచ్చినవాళ్ళు దాన్ని గదిలో అడ్డంగా వేసి చూశారు. తొమ్మిదడుగుల గదిలో ఆ మంచం పోగా రెండడుగులు మిగిలింది. బాత్రూంకి దారి లేదు, మనిషిని పక్కకి తిప్పడానికి చోటు లేదు. నిలువుగా వెయ్యాల్సిందే. "తల ఎటు దిక్కు మేడం?" అని అడిగాడు వాళ్ళలో ఒకతను.

బావగారు గుమ్మంలో ఉన్నారు. ఆయన నోరు తెరవకముందే నేను చెప్పాను. "దక్షిణానికి."

"అమ్మా, ప్లాన్‌లో ఇటు కదా" అంది మా అమ్మాయి. ఇంటర్ చదువుతోంది, ఇక్కడే పుట్టిన పిల్ల, వాళ్ళ నాన్న మాటే దానిదీ. "నాన్న గుట్ట సూడాలన్నడు కదా. ఉత్తరం తల వెడితే ఏమైతది? నువ్వే అంటవు కదా గవన్నీ ఉత్తవని."

"నోర్ముయ్. నీకు నాన్న కంటే ప్లాను ఎక్కువైందా?" అని అరిచాను. దాని మొహం పాలిపోయింది. ఇరవై ఏళ్ళు అందరి వాస్తునీ వెక్కిరించినదాన్ని, ఆ ఒక్క క్షణంలో నాకు పెద్దవాళ్ళు చెప్పే లెక్కంతా గుర్తొచ్చింది. దక్షిణం తల ఆయుష్షు, ఉత్తరం తల మృత్యువు. నమ్మకం కాదది, భయం. ఊళ్ళో అందరి ఇళ్ళకీ ధైర్యం చెప్పొచ్చు, మన ఇంట్లో మనిషి మంచాన పడితే ఆ ధైర్యం ఎక్కడుంటుందో తెలియదు. బావగారు నా పక్కకొచ్చి మెల్లగా, "మంచి పని చేసినవమ్మా" అన్నారు. నాకు ఆ మాట మందులా పనిచేసింది.

అలా గుట్ట ఆయన నెత్తి వెనక్కి వెళ్ళిపోయింది. కాళ్ళ వైపు మిగిలింది ఉత్తరపు గోడ. దాని మీద స్విచ్‌బోర్డు, ఇంకా తలుపులు బిగించని అల్మారా, రంగులవాళ్ళు వదిలేసిన ఒక తెల్లటి మరక. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి ఆయన తల మీద పడుతోందని రెండో రోజే కర్టెన్ కుట్టించి వేసేశాను. ముదురు రంగుది, వెలుతురు రానిది. ఎవరైనా చూడ్డానికొస్తే, "ఇంత పెద్ద కిటికీకి అంత మందం కర్టెనేంటండీ" అనేవాళ్ళు.

మూడో రోజు పొద్దున నేను మొహం తుడుస్తుంటే ఆయన పెదాలు కదిపారు. చాలాసేపు తంటాలు పడ్డారు. చివరికి గొంతులోంచి వచ్చింది.

"ది... క్కు."

తువ్వాలు వదిలేసి మా అమ్మాయిని కేకేశాను. డాక్టరుకి ఫోన్ చేశాను. మాట రావడం మంచి సూచన అన్నాడాయన. ఇలాంటివాళ్ళలో కొందరికి ఒక్క మాటే తిరిగొస్తుంది, దాన్నే పట్టుకుని అన్నీ చెప్పాలని చూస్తారు, మీరు మాట్లాడుతూ ఉండండి అన్నాడు. నేను మాట్లాడాను. దేవుడా, ఎంత మాట్లాడానో.

"దిక్కు" అనేవారు. నా మీద బెంగపడుతున్నారనుకున్నాను. దీనికెవరు దిక్కు, పిల్లకెవరు దిక్కు అని. చెయ్యి పట్టుకుని, "నాకేం ఫర్వాలేదండీ. నా పని నాకుంది. బావగారున్నారు. మీరు లేస్తారు, మీరే మాకు దిక్కు" అని చెప్పేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపేవారు. మళ్ళీ "దిక్కు" అనేవారు, ఇంకాస్త గట్టిగా. "దిక్కులేనివాళ్ళం అయిపోమండీ, మీరు అలా అనుకోకండి" అనేదాన్ని. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారేవి. నా మాటకే కరిగారనుకుని నేనూ ఏడ్చేదాన్ని. ఇద్దరం కలిసి వేరువేరు సంగతులకి ఏడ్చాం.

బాగున్న ఎడమ చెయ్యి పైకెత్తి తల వెనక్కి తీసుకెళ్ళేవారు. వేళ్ళు మంచం కమ్మీకి కొట్టుకునేవి. దెబ్బ తగులుతుందని ఆ చెయ్యి తెచ్చి దుప్పటిలో పెట్టేదాన్ని. మెడ వెనక్కి విరిచి కళ్ళు పైకి తిప్పేవారు. ఫిట్స్ వస్తున్నాయేమోనని నా ప్రాణాలు పోయేవి. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి చూసి మెడ నరాలు బిగుసుకున్నాయంది. రోజూ పొద్దున గోరువెచ్చటి నూనెతో మెడ రాసి, తల తిన్నగా పెట్టి, అటూ ఇటూ మెత్తలు సర్దేదాన్ని. కదలకుండా. లేపి కూర్చోబెట్టడానికి రెండుసార్లు చూశాం. బీపీ పడిపోయి కళ్ళు తేలేశారు, ఇప్పుడే వద్దన్నారు.

మా అమ్మాయి ఇంకోసారి అడగలేదు. ఒకసారి అరిచాను కదా.

ఇరవై ఏళ్ళు ఆ మనిషితో బతికాను. ఆ మాట ఆయన నోటి నుంచి రోజుకి పదిసార్లు విన్నాను. కూరగాయలకి వెళ్తే ఏ దిక్కు బండి దగ్గర కొనాలో, స్కూటర్ మీద ఏ దిక్కు తిరగాలో అన్నీ ఆ మాటతోనే తెలుసుకున్నాను. నవ్వుకున్నాం, పిల్లలకి పాఠం చెప్పారు. అయినా కొత్తింటికొచ్చాక ఆ మాట నాకు మా అమ్మ అన్న అర్థంలోనే వినపడింది. భయం వేసినప్పుడు మనిషికి పుట్టింటి భాష తప్ప ఇంకోటి రాదనుకుంటాను. ఇది నన్ను నేను వెనకేసుకురావడానికి అనడం లేదు. వెనకేసుకురావడానికి ఏమీ లేదు.

ఇంటికొచ్చిన పందొమ్మిదో రోజు పొద్దున ఏడు గంటలప్పుడు నేను వంటింట్లో రాగిజావ వడగడుతున్నాను. మా అమ్మాయి పిలిచిన పిలుపు వేరేగా ఉంది. వెళ్ళేసరికి ఎడమ చెయ్యి దుప్పటి బయట, తల వెనక కమ్మీ మీద ఉంది. అంతే. నేను ఆ చెయ్యి తీసి మళ్ళీ దుప్పటిలో పెట్టాను. అలవాటు.

బావగారు పది నిమిషాల్లో వచ్చారు. చెప్పులు గుమ్మం దగ్గర విడవడం మర్చిపోయి లోపలికొచ్చారు. మొహం మీద చెయ్యి పెట్టి తమ్ముడి కళ్ళు మూశారు. తర్వాత పెద్దవాళ్ళకి తప్పని పని ఆయన అందుకున్నారు. నలుగురు చుట్టాలొచ్చారు. నేల మీద చాప పరిచారు. మంచం పక్కకి జరిపారు. గదిలో చీకటిగా ఉందని ఎవరో కర్టెన్ మొత్తం లాగేశారు. ఒక్కొక్కరి ఇళ్ళల్లో ఒక్కో ఆచారం ఉంటుంది, వాళ్ళింట్లో పోయినవాళ్ళ తల ఉత్తరానికి పెడతారు. ఆయన్ని ఎత్తి పట్టుకున్నవాళ్ళు ఎటు అన్నట్టు చూశారు.

బావగారు చెయ్యి చూపించి చెప్పారు. "తల గిట్ల ఉత్తరానికి. కాళ్ళు గుట్ట దిక్కు."

గుట్ట దిక్కు.

గోడకి ఆనుకుని కూర్చున్నాను. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గొంతు, ఆ సంగతి అప్పటిదాకా గమనించలేదు. "మీరు అడిగింది అదా" అన్నాను పైకే. నేను ఏడుస్తున్నాననుకుని ఎవరో వీపు నిమిరారు. మెడ విరిచింది, కళ్ళు తిప్పింది, చెయ్యి కమ్మీకి కొట్టుకుంది, ఒక్కటొక్కటే వరసగా వచ్చి నా ముందు కూర్చున్నాయి. నా మీద బెంగ కాదు, ప్రాణం మీద తీపి కాదు. మంచం తిప్పమని అడిగారు. ఇన్ని రోజులూ, ఉన్న ఒక్క మాటతో, ఇల్లు గీసినదాన్నే అడిగారు. నేను కర్టెన్ వేశాను.

మా అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. అది ముందే అర్థం చేసుకుందో, అప్పుడే అర్థం చేసుకుందో నేను ఇప్పటివరకూ అడగలేదు. అడిగే మొహం లేదు.

ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. ఫోటోలో ఉన్నట్టే, అదే చోట, అదే వరస. వానలు బాగా కురిసిన ఏడాది, గుట్ట పచ్చగా ఉంది. ఏనుగు గుండు కడుపు దాకా ఎండ దిగింది. నేను పాక్కుంటూ వెళ్ళి ఆయన తల పక్కన వంగి, నా చెంప చాపకి ఆనించి, ఆయన కన్ను ఉన్నచోట నా కన్ను పెట్టి చూశాను. అది నా వృత్తి, అంతకంటే ఇంకేం తెలియదు నాకు. గుట్ట కనపడలేదు. అడుగు గోడ అడ్డమొచ్చింది. మంచానికి లెక్క వేసి కట్టింది, నేలకి కాదు.

లేచి మంచం మీది దిండు తెచ్చి, ఆయన తల ఎత్తి కింద పెట్టబోయాను. చుట్టాల్లో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "పోయినోళ్ళకు తలకింద ఏం వెట్టొద్దు బిడ్డా. ఎందుకది?" అంది.

"కొలతకి" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. బావగారు నన్ను చూశారు, కిటికీని చూశారు, తమ్ముడి మూసిన కళ్ళని చూశారు. ఏమనుకున్నారో తెలియదు. నేను దిండు పెట్టి, మళ్ళీ వంగి ఆ దిండుకే చెంప ఆనించి చూశాను. బండ కొస మాత్రం కనపడుతోంది, ఇంకా నాలుగంగుళాలు కావాలి. అలా వంగి ఉండగానే బావగారు పక్కగదిలోకి వెళ్ళి ఇంకో దిండు తెచ్చి నా చేతికిచ్చారు.